ఐదేళ్ళు ఢోకా లేదు

టీవీ కొనడానికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ముందు దాని మొహం చూస్తారు. మెకానిక్కు మాత్రం షాపులో అడుగు పెడుతూనే సరాసరి టీవీల వెనక్కి వెళ్ళాడు. హాలు మధ్యలో పొడుగాటి బల్లల మీద పన్నెండు టీవీలు నిలబెట్టి ఉన్నాయి. పన్నెండింటిలోనూ ఒకే చేపల గుంపు ఒకేసారి ఈదుతోంది. ఆయన వాటి వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వంగి, ఒక్కోదాని వీపూ తడిమి చూశాడు. సేల్స్ అమ్మాయి కంగారుపడి, బొమ్మ ఇటువైపు వస్తుంది సార్ అని రెండుసార్లు చెప్పింది. ఆయన వింటేనా! వెనకాల నాలుగు మరలూ ఓ స్టిక్కరూ తప్ప ఇంకేమీ కనబడకపోయేసరికి, ఇందులో చెయ్యి పెట్టడానికి చోటేదీ అని గొణుక్కుంటూ బయటికొచ్చాడు.

"ఆయన్ని వదిలెయ్ తల్లీ," అంది ఇల్లాలు నవ్వుతూ. "ముప్పయ్యేళ్ళుగా ఆయన ఉండేది అటువైపే. బొమ్మ చూసేది మేము."

అది నిజమే. వీధిలో ఆయన్ని అందరూ మెకానిక్కు అనే పిలుస్తారు. అసలు పేరేమిటని అడిగితే ఇల్లాలు కూడా ఒక్క క్షణం తడుముకోవాలి. ఇంటి ముందుగదే షాపు, వెనకగది కాపురం. ఆ రోజుల్లో టీవీలంటే పెట్టెలు. వాటికి రోగమొస్తే గుండెలకు హత్తుకుని మోసుకొచ్చేవాళ్ళు. మెకానిక్కు వాటి వీపు విప్పి, లోపల దుమ్ము ఊది, సోల్డరింగ్ ఇనుముతో ఓ చుక్క సీసం పెట్టి నయం చేసి పంపేవాడు. తరవాత పలచటి ఈ పలక టీవీలొచ్చాయి. పలకకి జబ్బు చేస్తే కంపెనీ మనిషి వచ్చి లోపలి బోర్డు మొత్తం పీకి కొత్తది పెట్టి పోతాడు, లేదంటే అవతల పారేయమంటాడు. రెండేళ్ళు తిరిగేసరికి షాపుకి మనుషులు రావడం మానేశారు. ముందుగది హాలైంది. పని బల్ల మీద పరుపు వేస్తే అదే మంచమైంది. ఆయన అరుగు మీద కూర్చుని ఫ్యాన్లూ ఇస్త్రీ పెట్టెలూ బాగుచేసుకుంటూ, నేను బతికుండగా పలక నా గుమ్మం తొక్కదు అని శపథం చేశాడు.

ఇల్లాలు పదేళ్ళు అడిగింది. పక్కింట్లో చూసొచ్చి, మొహాలు ఎంతేసి ఉన్నాయో, చెవి కమ్మలు కూడా లెక్కపెట్టొచ్చు అని చెప్పేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఏం చెప్పి ఏం లాభం? అడిగి అడిగి ఊరుకుంది.

అలాంటి మొండిఘటం ఓ ఆదివారం పొద్దున తనంతట తనే "పద, పలక కొందాం" అన్నాడంటే ఎవరికైనా అనుమానం రావాలి. ఇల్లాలికి రాలేదు. ఇన్నాళ్ళకి మా ఆయనకి బుద్ధొచ్చింది అనుకుని సంబరపడింది. బుద్ధెందుకు వచ్చిందో ఆయనకీ కూతురికీ మాత్రమే తెలుసు.

అంతకు మూడు వారాల ముందు ఆసుపత్రిలో డాక్టరు ఆ తండ్రీకూతుళ్ళని కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. ఇల్లాలి కడుపులో ఉన్నది కోసి తీసే దశ దాటిపోయింది. మహా అయితే మూడు నెలలు. కొన్ని మాత్రలు రాస్తానన్నాడు. వాటితో నొప్పి తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, లేచి తిరుగుతుంది, చూసినవాళ్ళు జబ్బే లేదనుకుంటారు. అయితే అది నాలుగైదు వారాల ముచ్చటే.

"ఆవిడకి ఎవరినైనా చూడాలనుంటే, ఎక్కడికైనా వెళ్ళాలనుంటే, ఈ వారాల్లోనే తీసుకెళ్ళండి," అన్నాడు డాక్టరు. "తరవాత మంచం మీంచి కదిలించలేరు."

కూతురు పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది, కాపురం నాలుగు వీధుల అవతల. అమ్మకి చెప్పేద్దాం నాన్నా అని ఆసుపత్రి మెట్ల మీదే అంది. ఆయన కూతురి చెయ్యి లాక్కుని, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూస్తున్నా సిగ్గుపడకుండా తన నెత్తిన పెట్టుకుని, చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఈ మాట వింటే అది రేపటిదాకా కూడా ఉండదే అని ఏడ్చాడు. తండ్రి నెత్తి మీద పెట్టిన చెయ్యి. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది?

ఇక్కడ ఆయన పనితనం గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే ఆ తరవాత ఆయన చేసింది అర్థం కాదు. పాత పెట్టెల్లో బొమ్మని చూపించేది పిక్చర్ ట్యూబు. అది ముసలిదైపోతే మొహాలు మసకబారతాయి, స్విచ్చి వేసిన పావుగంటకి గానీ బొమ్మ రాదు. కొత్త ట్యూబు వేయించుకునే తాహతు లేనివాళ్ళకి మెకానిక్కులు ఒక చిట్కా చేసేవాళ్ళు. ట్యూబుకి ఒక్క క్షణం పాటు మోతాదు మించిన కరెంటు ఎక్కిస్తారు. బూస్టు కొట్టడం అంటారు దాన్ని. అంతే, బొమ్మ తళతళలాడుతూ లేచి కూర్చుంటుంది. కొన్ననాటికంటే బాగుంటుంది. రెండు నెలలో మూడు నెలలో అలా వెలిగి, ఆ తరవాత ట్యూబు మొత్తానికే పోతుంది. రెండోసారి కొడితే పట్టదు.

బాగైన పెట్టె ముందు నిలబడి, ఇక ఎన్నాళ్ళొస్తుంది అని అడగని కస్టమరుండడు. ఆయనది అందరికీ ఒకటే జవాబు. ఇంకో ఐదేళ్ళు ఢోకా లేదు. అలాగని ఆయన అబద్ధాలకోరు కాదు. మనిషి మొహం చూసి అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. అందుకని వాళ్ళు అడుగుతారనగానే పెట్టె వెనక్కి వెళ్ళి, తల అందులోకి దూర్చి, ఏదో మర బిగిస్తున్నట్టు నటిస్తూ అక్కణ్ణుంచి చెప్పేవాడు. వెనకగదిలో ఇల్లాలికి అంతా వినపడేది. ఎందుకండీ ఆ మాట, పాపం అంటే, నిజం చెప్పి ఏం సాధిస్తామే, ఆ మూణ్ణెల్లూ దిగులుతో చూస్తారు, ఇప్పుడైతే హాయిగా చూసుకుంటారు అనేవాడు.

ఒకసారి ఒంటరిగా ఉండే ఓ రిటైరైన పంతులమ్మ చచ్చిపోయిన పెట్టె మోయించుకుని తిరిగొచ్చింది. ఆవిడ పోట్లాడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నువ్వు ముందే చెప్పుంటే, ఉన్నన్నాళ్ళూ ఇంకాస్త చూసుకునేదాన్ని కదా నాయనా," అని మాత్రం అంది. ఆ పూట ఆయన భోజనం ముట్టలేదు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున డాక్టరుగారు ఏమన్నారండీ అని ఇల్లాలు అడిగింది. ఆయన హాలు మూలనున్న తన సొంత పాత పెట్టె వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు దానికి ఏ రోగమూ లేదు. తల లోపల పెట్టి, కడుపులో పుండట, మాత్రలిచ్చాడు, ఇంకో ఐదేళ్ళు ఢోకా లేదు అన్నాడు. ఐదేళ్ళేనా, ఆ తరవాతో అని నవ్విందావిడ. ఆ తరవాత మళ్ళీ చూపిద్దాంలే అన్నాడు. ఇల్లాలు నమ్మింది. ఆ మాట ఎవరెవరికి చెప్పాడో ఏళ్ళ తరబడి గోడ అవతలి నుంచి విన్న మనిషి, తనకి కూడా చెప్తాడని కలలోనైనా అనుకోలేదు. కస్టమర్లు వేరు, తను వేరు. అది ఆవిడ ధీమా. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. కట్టుకున్నదాని దగ్గర ఆడమని మాత్రం ఏ పెద్దా చెప్పలేదు.

మాత్రలు డాక్టరు చెప్పినట్టే పనిచేశాయి. నాలుగో రోజుకి ఇల్లాలు అడిగి తింది. వారానికి తన బకెట్టు తనే ఎత్తుకుంది. పదో రోజున దుప్పటి దులుపుతూ కూనిరాగం తీసింది. ఆ రాగం విని మెకానిక్కు అరుగు మీద స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బూస్టు అంటే ఏమిటో ఊరందరికంటే బాగా తెలిసిన మనిషి, డాక్టర్లకి మాత్రం అన్నీ తెలుస్తాయా ఏమిటి అనుకోవడం మొదలుపెట్టాడు. ఆశ అలాంటిది మరి.

ఒంట్లో ఓపిక రాగానే ఇల్లాలు కోరింది ఒక్కటే. అక్కని చూసొస్తాను అంది. అక్క ఉండే ఊరు రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. తల్లి పోయేనాటికి ఇల్లాలికి ఆరేళ్ళు, పెంచి పెద్దచేసింది ఆ అక్కే. ఇప్పుడు తుంటి విరిగి మంచం దిగలేని స్థితిలో ఉంది. ఆమెని చూసి నాలుగేళ్ళు దాటింది.

"అక్క చేత ఒక్కసారి తల దువ్వించుకుని జడ వేయించుకోవాలనుందండీ," అంది సిగ్గుపడుతూ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

మెకానిక్కుకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళూ అడిగినప్పుడల్లా ఇదిగో అదిగో అని వాయిదా వేసినవాడు ఇప్పుడు సరేనంటే ఆమెకి అనుమానం రాదూ? పైగా అక్కది పెంచిన చెయ్యి, తల మీద పెట్టగానే లోపల ఏముందో కనిపెట్టేస్తుంది. ఇవీ ఆయన లెక్కలు. పదేళ్ళుగా ఒద్దన్న పలక కొంటే అనుమానం రాదట, అక్క దగ్గరికి తీసుకెళ్తే వస్తుందట! "తొందరేముందే? చలి తగ్గనీ, నేనే తీసుకెళ్తాను," అన్నాడు. ఆ మాటా పెట్టె వెనకనుంచే అన్నాడు.

కూతురు అరుగు మీద కూర్చుని నెత్తీ నోరూ కొట్టుకుంది. చలి తగ్గేసరికి అమ్మ ఉండదు నాన్నా అంది. ఉంటుంది అన్నాడు, చూశావుగా ఎలా తిరుగుతోందో అన్నాడు. ఇక ఈయనతో లాభం లేదని, ఒట్టు తప్పకుండానే పని జరిగే దారి వెతుక్కుందా పిల్ల. తనకీ అమ్మకీ బుధవారానికి రైలు టికెట్లు తీసింది. నాకు సెలవు దొరికింది, నాన్న ఇల్లు చూసుకుంటాడు, మనిద్దరం పెద్దమ్మని చూసొద్దాం అని చెప్పింది. ఇల్లాలు ఆ పూటే సంచీ సర్దుకుంది. పళ్ళు విరిగిన పాత దువ్వెన అవతల పెట్టి కొత్తది కొనిపించుకుంది.

మెకానిక్కు రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. ఆదివారం పొద్దున పలక కొందామన్నాడు. ప్రయాణానికి అడ్డం పెట్టాలని అన్నాడా అంటే, కాదు. పదేళ్ళు అడిగిన ఒక్క వస్తువు ఇవ్వలేకపోయానన్నది లోపల ముల్లులా గుచ్చుకుంటోంది. రైలెక్కే లోపల అదొక్కటైనా ఆవిడ కళ్ళ ముందు పెట్టాలనుకున్నాడు. అనుకున్నదేమో మంచే.

అలా ముగ్గురూ షాపుకొచ్చారు. ఇల్లాలు వస్తూ వస్తూ ఒక దారం తెచ్చుకుంది. ఇంట్లో కిటికీ అంచుకీ తలుపు అంచుకీ మధ్య గోడ ఎంతుందో కొలిచి దానికి రెండు ముళ్ళు వేసుకుంది. ఆ దారాన్ని ఒక్కో పలకకీ అడ్డంగా పట్టుకుని చూస్తుంటే సేల్స్ అమ్మాయికి ముచ్చటేసింది. ఎంత దూరంలో కూర్చుని చూస్తారమ్మా అని అడిగింది. మంచం మీంచి గోడకి తొమ్మిది అడుగులు అని ఠక్కున చెప్పింది ఇల్లాలు. మరీ పెద్దది వద్దు, మెడ తిప్పి తిప్పి చూడాలి, మరీ చిన్నదైతే పాతదానికీ దీనికీ తేడా ఏముంది?

చేపల్ని తీసేసి మనుషుల్ని పెట్టమంది. అమ్మాయి ఏదో వార్తల చానెలు పెట్టింది. చదివే ఆవిడ మొహం పన్నెండింటిలో పన్నెండు రంగుల్లో వచ్చింది. ఒకదాంట్లో కామెర్లు వచ్చినట్టుంది, ఇంకోదాంట్లో జ్వరంగా ఉంది అని ఇల్లాలు ఎక్కడికక్కడ తేల్చేసింది. మెకానిక్కు కూడా ఉండబట్టలేక ముందువైపుకి వచ్చాడు. ఎడమ చివరిదాంట్లో ఎరుపు ఎక్కువైంది, నాలుగోది బాగుంది, చర్మం చర్మంలా ఉంది అన్నాడు. అదే నేనూ అనుకున్నానండీ అందావిడ. భార్యాభర్తలిద్దరూ ఒక టీవీకి ఒకే వైపున నిలబడి చూడటం అదే మొదటిసారి కాబోలు. కూతురు కాస్త దూరంగా, బట్టలుతికే మిషన్ల వైపు తిరిగి నిలబడింది.

నాలుగోదానికి దారం సరిగ్గా సరిపోయింది. ఇందులో ఫోను బొమ్మ కూడా పెట్టుకోవచ్చమ్మా, మాట్లాడేవాళ్ళు ఇంత పెద్దగా కనిపిస్తారు అంది సేల్స్ అమ్మాయి. ఇల్లాలి మొహం విచ్చుకుంది. ఫోనులో అక్క మొహం గోరంత కనపడేది, కళ్ళజోడు పెట్టినా ఆనేది కాదు. ఇక ఇంతేసి కనపడుతుందన్నమాట. అయినా చూడటం వేరు, తల దువ్వించుకోవడం వేరులే అని తనే అంది.

అప్పుడు వచ్చింది వారంటీ మాట. కంపెనీ ఇచ్చేది ఒక ఏడాదే. కావాలంటే ఐదేళ్ళకి పొడిగించుకోవచ్చు. సేల్స్ అమ్మాయి ఆ మాట అనడమే తడవు, మెకానిక్కు షాపంతా వినిపించేలా "ఐదేళ్ళది రాయండి" అన్నాడు. కార్డు ఎవరి పేరు మీద అని అడిగితే, ఆవిడ పేరు మీదే అన్నాడు. ఇల్లాలు ఆ కార్డు రెండు చేతులతో అందుకుని, చివర వేసిన సంవత్సరం వేలితో తడిమి చూసి, మొగుడి వంక చూసింది. ఇంతదూరం ఆలోచించారా అన్నట్టు చూసింది. నోటిమాటకి తోడు ఇప్పుడు కాగితం కూడా వచ్చింది చేతికి.

గోడకి బిగించే మనుషులు బుధవారం పొద్దున వస్తారట. ఆ రోజు కాదంటే మళ్ళీ పదిహేను రోజులకి గానీ ఖాళీ లేదట. ఇల్లాలు దారాన్ని వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది.

"ఆ టికెట్లు రద్దు చేసెయ్యవే," అంది కూతురితో. "చలి తగ్గాక మీ నాన్నే తీసుకెళ్తారు. తొందరేముంది?"

కూతురు గబగబా దగ్గరికొచ్చింది. టీవీ ఎక్కడికీ పారిపోదు, నాన్న బిగించి ఉంచుతాడు, మనం వెళ్ళొద్దామమ్మా అని బతిమాలింది. ఇల్లాలు ససేమిరా అంది. పదేళ్ళు ఎదురుచూసిన దాంట్లో మొదటి బొమ్మ వచ్చేటప్పుడు తను ఇంట్లో లేకపోతే ఎలా? అక్క ఎక్కడికి పోతుంది? పెళ్ళాం కోసం శపథం మానుకున్న మనిషిని ఒంటరిగా గోడ ముందు వదిలి రైలెక్కడం ఏం బాగుంటుంది?

"అమ్మా, నీకు ఒక మాట..." అని ఎత్తుకుంది కూతురు. అంటూ తలెత్తి చూసింది. మెకానిక్కు ఎప్పుడు వెళ్ళాడో మళ్ళీ పలకల వెనక్కి వెళ్ళి నిలబడి ఉన్నాడు. రెండు టీవీల సందులోంచి కూతురి వంకే చూస్తున్నాడు. తన చెయ్యి తనే తీసి నెత్తి మీద పెట్టుకున్నాడు. ఏమిటే అని తల్లి అడిగితే, ఏం లేదమ్మా, రద్దు చేసేస్తానులే అంది.

బుధవారం పొద్దున పది దాటాక ఆ రైలు వెళ్ళిపోయింది. అదే వేళకి ఇద్దరు మనుషులు హాలు గోడకి నాలుగు కన్నాలు పొడిచి పలకని బిగించారు. గోడకీ దానికీ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. మొదటి బొమ్మ రాగానే ఇల్లాలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పాత పెట్టెని మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వలేదు, గుడ్డ కప్పి మూలన ఉంచింది.

ఆ తరవాత పదకొండు రోజులు బాగా గడిచాయి. అబద్ధం ఎందుకు, చాలా బాగా గడిచాయి. ఇల్లాలు మంచం మీద గోడకానుకుని కూర్చునేది, మెకానిక్కు పక్కన ముక్కాలిపీట వేసుకునేవాడు. పలకని తిట్టిన నోటితోనే రంగు బాగుంది అని ఒప్పుకున్నాడు. ఆ పదకొండు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఆవిడ రైలెక్కగలిగేది. ఆ సంగతి ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

పన్నెండో రోజు పొద్దున ఇల్లాలు లేవలేదు. కాఫీ అక్కడే పెట్టమంది, పెట్టిన కాఫీ చల్లారిపోయింది. సాయంత్రానికి నొప్పి మొదలైంది. మెకానిక్కు పరుగున డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మాత్రల మోతాదు పెంచి చూద్దాం గానీ ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. రెండోసారి పట్టదు అని మెకానిక్కే పైకి అనేశాడు. ఏమిటన్నారు అని డాక్టరు అడిగితే ఏం లేదని వచ్చేశాడు. నాలుగు రోజులు పెంచిన మోతాదు వేశారు. పట్టలేదు. కూతురు, పడక ఉండే బండిలోనైనా పెద్దమ్మ ఊరికి తీసుకెళ్ళొచ్చా అని విడిగా వెళ్ళి అడిగింది. దారిలోనే పోతుందమ్మా అన్నాడు డాక్టరు.

ఐదో రోజు మధ్యాహ్నం హాల్లో వాళ్ళిద్దరే ఉన్నారు. పలక ఆపేసి ఉంది. ఇల్లాలు కళ్ళు తెరిచి, టికెట్లు దొరుకుతాయేమో కనుక్కోండి, చలి తగ్గేదాకా ఆగలేనేమో అంది. మెకానిక్కు లేచాడు. ముప్పయ్యేళ్ళ అలవాటు కాళ్ళని ఎటు తీసుకెళ్ళాలో అటే తీసుకెళ్ళింది. మూలనున్న పెట్టె మీది గుడ్డ తీసి, దాని వెనక కూర్చుని, తల లోపల పెట్టాడు.

"మందు మార్చాడుగా, రెండ్రోజుల్లో లేచి తిరుగుతావు," అన్నాడు. "ఇంకో ఐదేళ్ళు ఢోకా లేదు."

ఇల్లాలు తల తిప్పి ఆ పెట్టె వైపు చూసింది.

"ఏమండీ, ఇటు రండి," అంది ఇల్లాలు. "నా మొహం చూసి చెప్పండి."

ఆయన వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు. మొహం చూడలేకపోయాడు, దుప్పటి చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కూడా పెట్టె వెనకాల కూర్చునే చెప్పారు కదూ అని అడిగిందావిడ. అవునన్నాడు. డాక్టరు ఎన్నాళ్ళన్నాడు? మూడు నెలలన్నాడు. ఆ సంగతి మీకెప్పటి నుంచి తెలుసు అని అడగలేదు, అడగక్కర్లేకపోయింది. దుప్పటి మీద వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టుకుంది. ఒక వేలు దగ్గర ఆగింది.

"ఆ బుధవారం నేను వెళ్ళగలిగేదాన్ని."

"వెళ్ళగలిగేదానివే," అన్నాడు మెకానిక్కు.

"ముప్పై అయిదేళ్ళు కాపురం చేశాను మీతో," అంది ఇల్లాలు. గొంతులో కోపం కూడా లేదు, దానికి ఓపిక ఏదీ? "చివరికి నన్నూ ఒక కస్టమర్ని చేశారా?"

ఆయన ముక్కాలిపీట మీద కూలబడి ఏడ్చాడు. నిన్ను దిగులు పెట్టకూడదనే అని ఏదో చెప్పబోయాడు. ముప్పయ్యేళ్ళుగా తనకి తెలిసిన జవాబు అదొక్కటే. ఆవిడ గోడవైపు తిరిగిపోయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి కూతురు వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించింది. మంచం మీద వాలి తల్లిని పట్టుకుని, ఒట్టు వేయించుకున్నాడమ్మా అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇల్లాలు కూతురి వీపు నిమిరింది. అక్కని చూపించవే అని అడిగింది. కూతురు కళ్ళు తుడుచుకుని, ఫోను బొమ్మ పలక మీదికి వచ్చేలా చేసింది.

అక్క వచ్చింది. గోడ మీద, కిటికీకీ తలుపుకీ మధ్య, దారం కొలత నిండా ఆ ముసలి మొహమే. అవతల ఫోను పట్టుకున్నది ఆవిడ కోడలు. చెల్లెలు వస్తోందని మూడు వారాల కిందట విన్నప్పటి నుంచీ అక్క దిండు కింద దువ్వెన ఉంచుకుందట. తీసి చూపించింది. దాని పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

"ఎప్పుడొస్తున్నావే చిట్టీ?" అంది అక్క.

ఇల్లాలు కూతురి చేత దిండు ఎత్తు పెట్టించుకుని కూర్చుంది. రేగిన జుట్టు చేత్తో వెనక్కి తోసుకుంది. గోడ మీది అక్క కళ్ళల్లోకి సూటిగా చూసింది.

"చలి తగ్గాక వస్తానక్కా. తొందరేముంది?"

"ఒంట్లో ఎలా ఉంది మరి? చిక్కినట్టున్నావు."

"మందులు పడుతున్నాయిలే. ఇంకో ఐదేళ్ళు ఢోకా లేదన్నారు."

ఐదేళ్ళు నీకు సరే, నేనుండొద్దూ అని అక్క బోసినోటితో నవ్వింది. ఇల్లాలు కూడా నవ్వింది. మెకానిక్కు జన్మలో ఎన్నడూ చేయలేకపోయిన పనిని, ఎదురుగా మొహం చూస్తూ అబద్ధం చెప్పడాన్ని, ఆవిడ కనురెప్ప వాల్చకుండా చేసేసింది.

ఆయనకి ఆ గదిలో నిలబడే చోటు లేకుండాపోయింది. అక్క కళ్ళు ఇటు చూస్తున్నాయి, ఇల్లాలి కళ్ళు అటు చూస్తున్నాయి, మధ్యలో తనున్నాడు. లేచి, అలవాటుకొద్దీ, తల దాచుకోవడానికి టీవీ దాకా నడిచి వెళ్ళాడు. పక్కన చెయ్యి పెట్టి తడిమాడు. అది గోడకి అతుక్కుని ఉంది. దాని వెనక చోటు లేదు.